జైతూన్ బీ తెరచాప పట్టిన శుక్రవారం

జైతూన్ బీ చేతిలోంచి ఇన్నేళ్ళలో ఒక్క కప్పు జారిపడలేదు. జిద్దాలోని ఆ ఇంటికి వచ్చేపోయే చుట్టాలందరికీ ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్ళు వస్తే ఇంటావిడ ఉమ్ నాసిర్ పనిగట్టుకుని చెబుతుంది. చిన్నకూతురు లమీస్‌కు అప్పుడే నడక వచ్చిన రోజులవి. జైతూన్ బీ అరబ్బు కాఫీ కహ్వా పోసిన కప్పుల పళ్ళెం పట్టుకుని మేడమెట్లు దిగుతోంది. వెనకనుంచి పిల్ల పరుగున వచ్చి కాలు జారింది. జైతూన్ బీ ఎడమచేత్తో పిల్లను నడుం దగ్గర ఒడిసిపట్టుకుంది. కుడిచేతిలో పళ్ళెం అలాగే ఉంది.

"ఒక్క చుక్క తొణకలేదు" అని ముగిస్తుంది ఉమ్ నాసిర్.

"కొంచెం తొణికింది మేడమ్" అని దిద్దుతుంది జైతూన్ బీ. అబద్ధం ఆమెకు గిట్టదు, తనను పొగిడేదైనా సరే.

ఆమెది రాయచోటి. మొగుడు పోయిన తర్వాత ఏజెంటు పంపిస్తే జిద్దాలో దిగింది. అప్పటికి ఆమెకు అరబ్బీలో నమాజు మాటలు తప్ప ఒక్క ముక్క తెలియదు. ఎవరూ నేర్పలేదు కూడా. కూరగాయల పేర్లతో మొదలుపెట్టి, పిల్లల తిట్లతో పెంచుకుని, టీవీ సీరియళ్ళతో పూర్తి చేసింది. మాంసంతో చేసే కబ్సా అన్నం వండటం పక్కింటి వంటమనిషిని గోడమీంచి చూసి పట్టేసింది. ఇస్త్రీ మాత్రం రాయచోటినుంచి తెచ్చుకున్న విద్యే. మగవాళ్ళు తొడిగే పొడుగు అంగీ తోబు ఆమె మడిచిందంటే, దానిమీద మడత ఉన్న చోట తప్ప ఇంకెక్కడా గీత కనిపించదు.

ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఇక చాలు, మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయి, చెల్లెలు హమీదున్నీసా రమ్మని పోరుతోంది అని జైతూన్ బీ ఈ ఏడు ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్ళీ రాకుండా వెళ్ళిపోయే అనుమతి, అడిగింది. ఉమ్ నాసిర్ రెండు రోజులు వంటింటి గడప తొక్కలేదు. మూడోరోజు వంటింట్లోకి వచ్చి, "వెళ్ళేముందు నీకేం కావాలో చెప్పు. బంగారం ఎలాగూ చేయిస్తున్నాను. అది కాకుండా" అంది.

జైతూన్ బీ స్టవ్ మంట తగ్గించి, ఆలోచించకుండానే చెప్పింది. "రాబిగ్‌లో ఆ నీళ్ళమీద ఒకసారి నిలబడి పోవాల మేడమ్. ఆ పసుపు పీపా దాకా పోయి, నా అంతట నేనే తిరిగి రావాల."

ఆలోచించాల్సిన పని లేదు. ఆ ఆలోచన ఏళ్ళ కిందటే అయిపోయింది.

రాబిగ్ ఊరికి కాస్త ఇవతల, ఒడ్డునే ఆ కుటుంబానికి చిన్న చాలే ఉంది. చాలే అంటే సెలవురోజుల్లో ఉండటానికి కట్టుకున్న ఇల్లు. సెలవు దొరికితే అందరూ అక్కడికే. పక్కనే నీటి ఆటల క్లబ్బు. దాని హద్దుకు గుర్తుగా లోపల నీళ్ళమీద ఒక పసుపు పీపా తేలుతుంటుంది. పిల్లలు నీళ్ళలోకి పరుగెడతారు. జైతూన్ బీ చాప పరిచి, ఫ్లాస్కులు సర్ది, తువ్వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. తడిసి వచ్చిన ప్రతివాణ్ణీ తుడుస్తుంది. ఆమె మాత్రం చీలమండలు దాటి ఎప్పుడూ తడవలేదు. రాయచోటిలో సముద్రం లేదు. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదు.

టికెట్టు ఆదివారానికి. శనివారం సామాను సర్దుకోవడానికే పోతుంది. కాబట్టి ఆమెకు ఉన్నది ఆ గురువారం మధ్యాహ్నం, ఆ శుక్రవారం. అది కూడా చలికాలం మొదట్లో. ఆ ఒడ్డున గాలి పలచబడే రోజులవి.

ఆ పలచని గాలి దగ్గరే తగువు మొదలైంది.

క్లబ్బులో ఇద్దరు పనివాళ్ళున్నారు. ఇమ్రాన్‌ది బోధన్. కైట్‌లు అతనివి. అంటే పెద్ద గాలిపటాన్ని నడుముకు కట్టుకుని, అది లాగుతుంటే కాళ్ళకింద పలకతో నీళ్ళమీద జారిపోయే ఆట. జైతూన్ బీని ఖాలా, అంటే పిన్నీ, అంటాడు. అతను పనిచేస్తున్నంతసేపూ మాట్లాడతాడు, పని లేనప్పుడు ఇంకా ఎక్కువ మాట్లాడతాడు. రెండోవాడు భూషణం. కళింగపట్నం దగ్గర జాలరి. చేపల పడవ మీద పనికి వచ్చి, పడవ అమ్ముడుపోతే ఇక్కడ చేరాడు. అతనివి విండ్‌సర్ఫింగ్ బోర్డులు. మంచం కన్నా పొడుగైన బోర్డు, దానిమీద తెరచాప, తెరచాపకు చేతులతో పట్టుకోవడానికి ఒక అడ్డకర్ర. చినిగిన తెరచాపలను కుట్టీ కుట్టీ వాటి గుట్టు తెలుసుకున్నాడు తప్ప ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వాళ్ళ వైపు అక్కను అప్పా అంటారు. రాయచోటిలో అప్పా అంటే నాయన. అతను మొదటిసారి అలా పిలిచినప్పుడు జైతూన్ బీ, "నీకు నాయన మాదిరిగా కనిపిస్తాండానా నాయనా" అని నిలదీసింది. ఆ పిలుపు మాత్రం మారలేదు.

భూషణానికి ఒక పట్టింపు ఉంది. సాయంత్రం తెరచాపను మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, చుట్టేటప్పుడు ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వడు. క్లబ్బు మేనేజరునైనా సరే.

"ఏందబ్బా, మేం ముట్టుకుంటే మైలపడతాదా అది?" అని ఆమె ఒకసారి అడిగింది.

"మైల కాదప్పా. నలిగిందంటే నలిగినకాడే సిరుగుద్ది. నలగకండా సుట్టడం అందరికీ రాదు" అన్నాడతను.

ఆ మాటకు జైతూన్ బీ నొచ్చుకోలేదు. ఉతికిన దుప్పట్లు మడతపెట్టే దగ్గర ఆమెదీ అదే పట్టింపు.

గురువారం మధ్యాహ్నం ఆమె కోరిక వినగానే ఇమ్రాన్ ముందుకొచ్చాడు. "ఖాలా, గాలి తక్కువున్నప్పుడే కైట్ ఎక్కాలె. కింద గాలి లేకపోయినా పైన ఉంటది. పెద్ద కైట్ గడితే అది పైకి పోయి గాలిని ఎతుక్కుంటది. భూషణమన్న బోర్డు ఈ గాలికి తాబేలు లెక్క పోతది. నువ్వు పీపా కాడికి పోయేసరికి నీ విమానం పోతది."

"అదీ నిజమే" అన్నాడు భూషణం, తాడు ముడి విప్పుతూ. "పైకి లేసినంతసేపూ నిజమే. గాలి పడిపోతే ఏటవుద్దో కూడా సెప్పు."

"ఏమైతది? కైట్ నీళ్ళల్ల పడ్తది."

"మరి లేస్తదేటి?"

ఇమ్రాన్ తలగోక్కున్నాడు. "సన్నగాలికి లేవది. ఈదుకుంట రావాలె. నేను బోటేసుకొని పోత."

"అప్పకి ఈత రాదు. నా బోర్డు గాలి సచ్చినా తేల్తాది. కూకోవచ్చు, తొంగోవచ్చు. తాబేలే. ఇంటికొచ్చే తాబేలు."

లమీస్ కైట్ వైపు. రెండేళ్ళుగా దానిమీదే ఎగురుతోంది. "జైతూనా, నువ్వు నాతోపాటు కైట్ మీద రావాలి. ఆ బోర్డు ముసలివాళ్ళది" అంది అరబ్బీలో.

"నేనేం పడుచుపిల్లనా?" అంది జైతూన్ బీ. అన్నదే కానీ, ఆమె మనసు కైట్ మీదే ఉంది. ఒడ్డున కూర్చుని ఈ రెండేళ్ళూ ఆమె తలెత్తి చూసింది దాన్నే. ఎర్రటి గుడ్డ ఆకాశంలో అలా ఒరుగుతూ, తను ఎత్తుకుని తిప్పిన పిల్లను నీళ్ళమీద లాక్కుపోతుంటే, భయంతో కలిపి ఒక సంతోషం కలిగేది. ఎంచుకోమంటే దాన్నే ఎంచుకుంది.

భూషణం ఇసుకలో చతికిలబడి చూడసాగాడు.

నీళ్ళలోకి దిగేముందు ఇసుకమీద చిన్న కైట్‌తో నేర్పడం ఇమ్రాన్ పద్ధతి. గాలి పలచగా ఉంది కదా అని ఆరోజు చిన్నవాటిలో పెద్దది తీశాడు. ఆమె చేతుల్లో పట్టుకర్ర పెట్టి, కైట్‌ను పైకి లేపాడు. "కర్రను దగ్గరికి గుంజితే బలంగా లాగుతది ఖాలా. భయమైతే వదిలెయ్. రెండు చేతులూ వదిలెయ్. అదే పడిపోతది, నీకేం గాదు."

కాసేపు బాగానే సాగింది. గుడ్డ తలపైన ఆడుతుంటే జైతూన్ బీ ముఖంలో చిన్నపిల్ల కనిపించింది. అంతలో ఒక గాలితెర వచ్చింది. కైట్ ఒక పక్కకు వాలి లాగింది. పట్టు జారుతున్న వస్తువును ఆమె చేతులు ఏం చేస్తాయో అదే చేశాయి. గట్టిగా పట్టుకుని గుండెలకు అదుముకుంది. కర్ర దగ్గరికొచ్చేసరికి కైట్ ఇంకా బలంగా లాగింది. జైతూన్ బీ నాలుగడుగులు పరుగెత్తి, మోకాళ్ళమీద పడి, ఇసుకలో గీత గీసుకుంటూ ముందుకు పోయింది.

"వదిలెయ్ ఖాలా, వదిలెయ్" అని ఇమ్రాన్ వెంటపడ్డాడు.

ఆమె వదల్లేదు. ఇమ్రాన్ తాడు అందుకుని కైట్‌ను పడగొట్టాల్సి వచ్చింది. కైట్ పడిన తర్వాత కూడా పట్టుకర్ర ఆమె గుప్పిళ్ళలోనే ఉంది.

"ఎందుకు వదల్లేదు?" అంది లమీస్, ఆమె ముఖం మీది ఇసుక దులుపుతూ.

"ఇంగొకరి వస్తువు కదమ్మా. కింద పడితే?"

లమీస్ నవ్వబోయి ఆగింది. తను మెట్లమీద జారినప్పటి కథలో ఈ చేతులే ఉన్నాయి.

జైతూన్ బీ లేచి, ఇసుక దులుపుకుని, పట్టుకర్రను రెండు చేతులతో ఇమ్రాన్‌కు అప్పగించింది. "మంచిదే నాయనా. అయితే వదిలే చేతులున్నోళ్ళకు మంచిది ఇది. నావి ఆ రకం కాదు." తర్వాత భూషణం వైపు తిరిగింది. "నీదాంట్లో వదలకుంటే ఏమైతాది?"

"ఏటీ కాదు. తెరసాపతో పాటు నువ్వూ నీట్ల పడతావు. అంతే."

"అంతేనా?"

"నీరు నడుం లోతే. తడుస్తావు."

"తడవాలనే కదా నా కోరిక" అంది జైతూన్ బీ.

అలా తేలింది. భూషణం లేచి తన గదిలోంచి అన్నిటికన్నా వెడల్పాటి బోర్డు బయటికి లాగాడు. దానికి పెద్ద తెరచాప కట్టాడు. పలచని గాలిని పట్టాలంటే గుడ్డ ఎక్కువ ఉండాలి. బోర్డు పక్కకు కొట్టుకుపోకుండా కింద దించే రెక్క సరిచూశాడు. ముడులన్నీ విప్పి మళ్ళీ వేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ జైతూన్ బీ అతని వేళ్ళనే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం ఆమె పడినన్ని సార్లు ఆ ఒడ్డున ఎవరూ పడి ఉండరు. ఉమ్ నాసిర్ కొనుక్కుని ఎన్నడూ తొడగని నిండు ఈతబట్టలు, పైన లైఫ్ జాకెట్టు, తలకు బిగించి కట్టిన గుడ్డ. బోర్డుమీద నిలబడటం తొందరగానే పట్టుకుంది. తాడుతో తెరచాపను నీళ్ళలోంచి పైకి లాగడం కూడా వచ్చింది. తడి దుప్పట్లు పిండిన నడుం ఆమెది. అడ్డకర్ర అందుకోగానే మాత్రం తెరచాప గాలితో నిండేది, బరువెక్కేది, లాగేది. ఆమె పట్టు బిగించేది. తెరచాపా ఆమే ఇద్దరూ కలిసి దబ్బున పడేవాళ్ళు. భూషణం నడుంలోతు నీళ్ళలో నడిచొచ్చి తెరచాప ఎత్తితే, కింద ఆమె అడ్డకర్రను పట్టుకునే ఉండేది.

"సముద్రమేటీ ఎత్తుకుపోదప్పా."

"నాకు తెల్సు. చేతులకే తెలీదు."

"ఎనక సెయ్యొకటే ఒగ్గు. ముందు సెయ్యి ఉంచు. గాలి కారిపోద్ది, తెరసాప కాళీ అవుద్ది. పడవు."

"సరే" అనేది ఆమె. అని మళ్ళీ రెండు చేతులతో పట్టుకుని పడేది.

పొద్దు వాలింది. ఆమె మోచేతులు గీరుకుపోయాయి. రాత్రి భోజనాల దగ్గర ఉమ్ నాసిర్ చూసి, "చాలు, ఊరికి దెబ్బలతో పంపించానంటుంది నీ చెల్లెలు. రేపు కూర్చో" అంది. జైతూన్ బీ సలాడు గిన్నె ముందుకు జరిపింది. అది కాదనడమేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

శుక్రవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే అందరికన్నా ముందు లేచింది. చాలే దుప్పట్లు ఉతికి, వెనకపక్క కట్టిన తీగమీద ఆరేయడానికి వెళ్ళింది. కుడిచేతిలో క్లిప్పులు, ఎడమచేతిలో దుప్పటి కొస. ఒక మూల తీగకు తగిలించింది. రెండో మూలకు క్లిప్పు పెట్టేలోగా గాలి వచ్చి దుప్పటి పొంగింది. కొస పట్టిన ఎడమచెయ్యి దానంతట అదే తెరుచుకుంది. దుప్పటి టపటపమని కొట్టుకుని, గాలి వదిలేసి, చల్లగా వేలాడింది. ఆమె మళ్ళీ కొస అందుకుంది.

అందుకుని ఆగిపోయింది.

ఆ చెయ్యి వైపు చూసుకుంది. తీగమీద దుప్పటి ఆరేసిన ప్రతిసారీ అది ఈ పనే చేస్తూ వచ్చింది. పొంగిన దుప్పటితో పెనుగులాడితే తీగ తెగుతుంది, లేకపోతే దుప్పటి మట్టిలో పడుతుంది. అందుకే ఒక కొస క్లిప్పుకు అప్పగించి, రెండోది గాలికి వదలాలి. అది జారవిడవడం కాదు. ముందు మూల భద్రంగా ఉంది కాబట్టి వెనక మూల వదలడం.

తీగమీద ఇంకా సగం దుప్పట్లు ఆరేయకుండానే జైతూన్ బీ క్లబ్బు వైపు నడిచింది. పని సగంలో వదిలి ఆమె ఎక్కడికైనా వెళ్ళడం లమీస్ ఆ పొద్దున మొదటిసారి చూసింది.

భూషణం గది ముందు చాయ్ తాగుతున్నాడు.

"ఏం నాయనా భూషణం, నిన్న సాయంత్రమంతా ఎనక చెయ్యి ఎనక చెయ్యి అంటాంటివే. దుప్పటి ఆరేసినట్ల అని ఒక్క మాట అనుంటే ఎంత బాగుండేది?"

భూషణం గ్లాసు దించి ఆలోచించాడు. "నాను దుప్పటెప్పుడూ ఆరేయనేదప్పా" అన్నాడు.

జుమా నమాజు, భోజనాలు అయ్యాక గాలి లేచింది. లేచిందంటే లేచిందని. నీళ్ళమీద చిన్న ముడతలు తప్ప నురగ ఎక్కడా లేదు. ఇమ్రాన్ తన గదిలో అన్నిటికన్నా పెద్ద కైట్ తీసి లమీస్‌కు కట్టాడు. అతను చెప్పింది నిజమే. ఆ కాస్త గాలికే కైట్ పైకిపోయి ఆసరా వెతుక్కుంది. లమీస్ ఒడ్డు పొడుగునా బాణంలా పోయి, మళ్ళీ వచ్చి, జైతూన్ బీ మీద నీళ్ళు చిమ్మి వెళ్ళింది.

"చూసినవా ఖాలా" అన్నాడు ఇమ్రాన్.

"చూసినా. నువ్వు చెప్పిందాంట్లో తప్పేం లేదు" అంది జైతూన్ బీ, బోర్డు ఎక్కుతూ.

తాడు లాగింది. తెరచాప నీళ్ళు కార్చుకుంటూ లేచింది. ముందుచేత్తో అడ్డకర్రను క్లిప్పు పట్టినట్టు పట్టింది. వెనకచెయ్యి మెల్లగా ఆనించింది. తెరచాప పొంగింది. చెయ్యి తెరుచుకుంది. తెరచాప ఖాళీ అయింది. ఆమె పడలేదు. మళ్ళీ ఆనించింది. ఈసారి పొంగు ఎంతవరకు భరించవచ్చో చేతికి తెలిసింది. బోర్డు కదిలింది.

భూషణం కొంతదూరం పక్కన నడిచాడు. నీళ్ళు ఛాతీ దాకా రాగానే అక్కడే నిలబడిపోయి, "పీపా కాడ తెరసాప తాడట్టుకుని దాని సుట్టూ నడు. సిన్న అడుగులు. కంగారేటీ లేదు" అన్నాడు. వెంట వెళ్ళలేదు. బోటు తాళం మాత్రం ఇమ్రాన్ చేతిలో ఉందో లేదో వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

జైతూన్ బీ వెళుతోంది. ఇమ్రాన్ అన్నట్టు తాబేలు నడకే. కాళ్ళకింద నీళ్ళు గలగలమంటున్నాయి. ఒడ్డునుంచి ఎప్పుడూ వినిపించని చప్పుడు అది. కింద ఇసుక తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా, తర్వాత నల్లగా మారింది. అడుగు కనిపించకపోయేసరికి తల వెనక్కి తిప్పింది. ఒడ్డున చాప ఉంది, చాపమీద ఫ్లాస్కులున్నాయి, తను కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడినుంచి చూస్తే తనెలా కనిపిస్తోందో అనిపించింది. ఉమ్ నాసిర్ లేచి నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

పీపా దగ్గర తెరచాప తాడు పట్టుకుంది. తెరచాపను వెనకవైపుకు వాల్చి, దాని ముందునుంచి చిన్న అడుగులతో తిరిగింది. బోర్డు కింద మొత్తం సముద్రం కదిలినట్టనిపించింది. పెదాలు ఏదో చదువుతూనే ఉన్నాయి. బోర్డు ముక్కు ఒడ్డు వైపు తిరిగింది. పీపాను ముట్టుకోవాలని అంతకుముందు అనుకుంది. ఆ సంగతి దాటి వచ్చాక గుర్తొచ్చింది.

అప్పుడే గాలి ఇంకా సన్నబడింది. కొంచెం అవతల లమీస్ కైట్ ముందు వణికింది, తర్వాత మెత్తబడింది, తర్వాత తడిబట్టలా నీళ్ళమీద వాలిపోయింది. లమీస్ తల, రెండు చేతులు పైకి కనిపించాయి.

"జైతూనా, ఆగు, నేనూ వస్తాను."

"ఆపేది నాకు నేర్పలేదమ్మా" అంది జైతూన్ బీ, కళ్ళు ముందుకే పెట్టి. "ఇమ్రాన్ వస్తాండాడు. అట్లే ఉండు."

లమీస్ నీళ్ళలో వెల్లకిలా తేలుతూ నవ్వింది. ఆ నవ్వు చాలాసేపు వెనకనుంచి వినిపిస్తూనే ఉంది, ఎందుకంటే జైతూన్ బీ దాన్ని దాటిపోవడానికి అంతసేపు పట్టింది. ఇమ్రాన్ బోటు ఎదురొచ్చి, అలలు తగలకుండా దూరంగా చుట్టు తిరిగి వెళ్ళింది. ఆ దూరం పాటించినందుకు ఆమె మనసులోనే అతనికి మేలు కోరి దువా చేసింది.

మిగిలిన ఊపిరంత గాలితో ఆమె వచ్చింది. వెనకచేతికి తెరచాప ఇప్పుడు నిద్రపోతున్న పిల్ల అంత బరువే ఉంది. నీళ్ళు మళ్ళీ ఆకుపచ్చగా, మళ్ళీ తెల్లగా మారాయి. భూషణం నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు. అతన్ని దాటింది. ఇసుక అందేంత దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు దించాల" అన్నాడతను వెనకనుంచి.

"ఎట్ల?"

"ఒగ్గెయ్. రెండు సేతులూ."

జైతూన్ బీ ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెండు చేతులూ విప్పింది. తెరచాప నెమ్మదిగా ఒరిగి, నీళ్ళమీద చప్పుడు చేసి పడింది. ఏమీ విరగలేదు. ఎవరూ అరవలేదు. ఆమె ఖాళీ చేతులతో బోర్డుమీద నిలబడి, పడినదాన్ని చూస్తూ, తర్వాత మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగింది.

బోటు దిగిన లమీస్ తడి ఒంటితోనే పరుగున వచ్చి, చాపమీది పెద్ద తువ్వాలు తెచ్చి ఆమె భుజాల చుట్టూ కప్పింది. గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.

"అట్ల కాదు, చెవులెనక ముందు తుడవాల" అంది జైతూన్ బీ. అంటూనే వణుకుతోంది. ఉమ్ నాసిర్ స్వయంగా కహ్వా పోసి తెచ్చి ఇచ్చింది. అలవాటు లేని చెయ్యి కదా, సాసర్లో కొంచెం ఒలికింది. ఈసారి ఆ సంగతి జైతూన్ బీ ఎత్తలేదు.

సాయంత్రం వెలుగుండగానే భూషణం తెరచాపను ఇసుకమీద తివాచీ పరిచినట్టు పరిచి, మంచినీళ్ళతో కడిగాడు. ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు. ఆరాక మొన దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, చుట్టడానికి రెండు చేతులూ పెట్టి, తలెత్తి చూశాడు. చాపమీద జైతూన్ బీ మిగిలిన దుప్పట్లు మడతపెడుతోంది. అంచుకు అంచు కలిపి, మధ్యలో అరచేత్తో ఒక్కసారి రాస్తోంది.

"అప్పా" అని పిలిచాడు. "ఇలా రా. ఆ కొసట్టుకో."

ఇమ్రాన్ కైట్ మడవడం ఆపి అటే చూశాడు. జైతూన్ బీ వచ్చి, ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది. గుడ్డను వేళ్ళతో తడిమి దాని నేత ఎటుందో చూసుకుంది. ఇద్దరూ కలిసి నలగకుండా, తొందరపడకుండా చివరిదాకా చుట్టారు.